కాలువ వైపు గోలు

ఆగస్టు 25, శనివారం

టీ కొట్టులో చెంచాకి గొలుసు వేశారు. మా ఫుట్‌బాల్ మైదానానికి వచ్చేవాళ్లు రెండు వేల మంది. అందరికీ కలిపి చెంచా ఒకటే. ఆ ఒక్కదాన్నీ ఇప్పుడు బల్లకి కట్టేశారు. గొలుసు జానెడు. చక్కెర కలుపుకోవాలంటే మనిషే చెంచా దగ్గరికి వంగాలి. నా నడుం డెబ్భై నాలుగేళ్లది, అది ఎవరి దగ్గరా వంగదు.

"ఎవడెత్తుకుపోతాడమ్మా దీన్ని?" అని అడిగాను.

"పోయినేడు నాలుగు పోయాయి తాతా," అంది కొట్టు అమ్మాయి.

అందులో రెండు మా వంటింట్లో ఉన్నాయి.

ఈ పుస్తకం మా అమ్మాయి గ్లెనిస్ కొనిచ్చింది. వాళ్లమ్మ పోయాక నేను అందరినీ ఏడిపించడమే తప్ప సరిగ్గా మాట్లాడటం లేదట. "మనసులో ఏముందో రాసుకో నాన్నా," అంది. మనసులో చెంచా ఉంది. రాశాను.

ఆట 0–2. ఓడాం. మొదటి ఆట అంటే ఒళ్లు విరుచుకోవడమే.


సెప్టెంబరు 8

0–1.


సెప్టెంబరు 22

0–0. పాయింటు వచ్చింది. మా అల్లుడు డెస్ ఈ ఏడాదే క్లబ్బుకి మేనేజరయ్యాడు. మంచివాడు. రోడ్డు దాటేటప్పుడు రెండుసార్లు కుడికీ, రెండుసార్లు ఎడమకీ చూస్తాడు. ఆ తర్వాత దాటడం మానేసి ఇంటికెళ్తాడు. జట్టునీ అలాగే ఆడిస్తున్నాడు.

ఆట అయ్యాక కాలువ వైపు గోలు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మా ఆవిడ ఐవీ పోయి ఇవాళ్టికి ఏడాది.

మా హాథర్‌బెక్‌లో క్లబ్బుని కట్టుకున్నవాళ్లు పోతే బూడిద ఈ మైదానంలోనే కలుపుతారు. నేను పెనాల్టీ చుక్క అడిగాను. గడ్డి చూసుకునే ఆల్బీ ఒప్పుకోలేదు. "బూడిద పడితే అక్కడ గడ్డి మాడుతుంది క్లెమ్. ఆఖరికి ఐవీ వల్ల పెనాల్టీ తప్పిందంటారు," అన్నాడు. గోలు వెనకాల, ఎడమ స్తంభం దగ్గర మట్టి తీసి కలిపాడు. నిజానికి ఆవిడ చోటు అదే. నలభై ఏళ్లు అక్కడే కూర్చుని ఊలు అల్లుకుంటూ అవతలి జట్టు గోల్‌కీపర్‌తో "బాబూ, నీ బూటు లేసు ఊడింది," అనేది. ప్రతివాడూ కిందికి చూసేవాడు. అలా మాకు రెండు గోల్స్ వచ్చాయి. ఆవిడ లెక్కలో మూడు.

వాన పడింది. తడిసింది. గడ్డి సంగతి అంటున్నాను.


అక్టోబరు 14

0–0. నిన్న మళ్లీ.

ఆదివారం భోజనం గ్లెనిస్ ఇంట్లో. పేపర్లో వచ్చిన లీగ్ పట్టిక కత్తిరించి, వాళ్ల ఫ్రిజ్ మీద తలకిందులుగా అతికించాను. ఇరవై నాలుగు జట్లు. అలా చూస్తే మేం రెండో స్థానంలో ఉన్నాం.

డెస్ పాలు తీసుకోడానికి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "మామయ్యా, దీనివల్ల ఎవరికి లాభం?"

"నాకే అల్లుడుగారూ. మెడ వంచి చదివితే నరాలు సడలుతాయి."

మా మనవరాలు రోవెనా నవ్వు ఆపుకోలేక గ్రేవీ గిన్నె బల్ల మీద ఒలకబోసింది. పంతొమ్మిదేళ్లొచ్చాయి, ఇంకా వాళ్లమ్మమ్మ నవ్వే నవ్వుతుంది. గ్లెనిస్ నన్ను తిట్టింది. డెస్ మాత్రం ఆ పట్టిక తీసేయలేదు. వెళ్లేటప్పుడు చూశాను, అలాగే ఉంది.


నవంబరు 10

చైర్మన్ పాక్లింగ్టన్‌గారు అందరినీ క్లబ్బు హాల్లో కూర్చోబెట్టి చెప్పారు. అట్టడుగు జట్టు లీగ్‌లోంచి బయటికి పోతుంది. అది మేమే అయితే టీవీ డబ్బు రాదు, జనం రారు, ఆయన ఇక మోయలేరు. ఒక సూపర్‌మార్కెట్‌వాళ్లు మైదానం అడుగుతున్నారు. ఇచ్చేస్తారట. జట్టు ఊరిబయట స్కూలు మైదానంలో ఆడుకోవచ్చట.

వెనకనుంచి ఎవరో అడిగారు, "మరి అక్కడ కలిపిన మావాళ్ల సంగతేంటండీ?"

"గుర్తుగా గోడకి ఒక పలక పెడతామన్నారు. పేర్లన్నీ రాసి."

నేను లేచాను. "చైర్మన్‌గారూ, ఆ పలక క్యాబేజీల దగ్గరా, చేపల దగ్గరా? మా ఆవిడకి చేపల వాసన పడదు."

హాలంతా నవ్వింది. చైర్మన్‌గారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అడిగినవాణ్ణి నవ్వకపోతే బాగోదు.

మేం పడిపోం. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.


నవంబరు 11

మేం పడిపోం.


డిసెంబరు 26

1–4. టీ కొట్టులో అమ్మే 'పై'లో, ఆ మాంసం కూరిన రొట్టెలో, మాంసం కూడా తక్కువే.


జనవరి 19

అట్టడుగున మేమే. మా పైన బ్రాక్‌వెల్, ఆరు పాయింట్ల దూరంలో. ఏడాది ఇంకా సగమే గడిచింది.

స్టాండులో నా పక్క సీటు హర్బర్ట్ పిక్‌ఫర్డ్‌ది. మిల్లులో నా పక్క మగ్గం కూడా వాడిదే. పద్నాలుగో ఏట ఇద్దరం కలిసి చేరాం. అప్పట్నుంచి వాడు ఏదో ఒకటి మునిగిపోతోందని చెబుతూనే ఉన్నాడు.

"అయిపోయింది క్లెమ్. ఈసారి అయిపోయింది."

"నువ్వు అరవై ఏళ్లుగా అయిపోతూనే ఉన్నావు కదరా. ఇంకా 'పై' రొట్టె తింటున్నావు."

"నవ్వు, నవ్వు. రేపు ఇక్కడ బంగాళాదుంపలు కొనుక్కుంటావు."

"మంచిదే. బస్సు ఎక్కక్కర్లేదు."

అలా అన్నందుకు ఇంటికొచ్చాక నా మీద నాకే కోపమొచ్చింది. ఇంకేదైనా అనుండాల్సింది.


ఫిబ్రవరి 6, బుధవారం

ఆట లేని రోజు. ఆల్బీ ఒక్కడే మైదానంలో ఉన్నాడు, ముళ్లకర్రతో గడ్డిలో చిల్లులు పొడుస్తున్నాడు, నీళ్లు దిగడానికి. నేను ఇంట్లో పూలకుండీలకి వాడే చిన్న తాపీ కోటు జేబులో పెట్టుకెళ్లాను. బిస్కెట్ డబ్బా ఒకటి.

ఆల్బీ డబ్బా చూశాడు. తాపీ పిడి జేబులోంచి బయటికొచ్చి ఉంది, అదీ చూశాడు.

"ఏం తీద్దామని క్లెమ్?"

"నీకేం పని? నీ చిల్లులు నువ్వు పొడుచుకో."

"ఇక్కడ వాన పడింది, గడ్డి మొలిచింది, కోశాను, మళ్లీ మొలిచింది. ఇంకా ఏం మిగులుతుంది తియ్యడానికి? ఆవిడ ఇప్పుడు మొత్తం ఆ మూలంతా ఉంది. మొత్తం తియ్యాలంటే మూల మొత్తం తియ్యాలి."

"నేను బిస్కెట్లు తెచ్చాను. నీకు."

డబ్బా మూత తీశాడు. ఖాళీగా ఉంది.

"దార్లో తినేశాను," అన్నాను.

వాడు మూత పెట్టేశాడు. ఇంకో ముళ్లకర్ర తెచ్చి నా చేతికిచ్చాడు. ఇద్దరం మధ్యాహ్నం దాకా చిల్లులు పొడిచాం. ఆ మూల దగ్గర నేను పొడవలేదు. ఆల్బీయే పొడిచాడు, మెల్లగా.


ఫిబ్రవరి 9

2–1! గెలిచాం. నీళ్లు నిలవలేదు, బంతి దొర్లింది. సగం గెలుపు నాది. ఆల్బీకి ఇది చెప్పాను. ముళ్లకర్ర విసిరాడు.


మార్చి 2

1–0.


మార్చి 12

1–0. నేను చెప్పలేదా?


మార్చి 23

వరసగా నాలుగు గెలుపులు. హర్బర్ట్ మొహం చూడాలి, ఆస్తి పోయినవాడిలా ఉన్నాడు. "ఇది నిలవదు," అంటున్నాడు. బ్రాక్‌వెల్‌ని దాటేశాం. అట్టడుగున ఇప్పుడు వాళ్లు.

రోవెనా అడిగింది, "తాతా, నువ్వు నిజంగా ఎప్పుడూ భయపడలేదా?"

"దేనికే?"

"అమ్మమ్మ..."

"మీ నాన్న చొక్కా ఇవాళ తిరగేసి వేసుకున్నాడు. నాకున్న భయం అదొక్కటే."

నిజంగానే తిరగేసి వేసుకున్నాడు. గెలిచిన నాలుగు ఆటలకీ అలాగే వచ్చాడట. గ్లెనిస్ చెప్పింది. ఇంతకీ నా అల్లుడికీ మనసులో ఏదో ఉందన్నమాట.


ఏప్రిల్ 6

0–1.


ఏప్రిల్ 13

0–0. చొక్కా మామూలుగా వేసుకొచ్చాడు. గ్లెనిస్ ఉతికిందట. పొరపాటున తిరగబడిందనుకుని సరిచేసిందట. ఇల్లాళ్లకి క్లబ్బు పట్టదు.


ఏప్రిల్ 27

0–2. బ్రాక్‌వెల్ గెలిచింది. మాకూ వాళ్లకీ ఒక్క పాయింటే తేడా.

ఇవాళ మైదానం బయట ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నారు. ఒకడు నీలం టోపీ. "ఏం కొలుస్తున్నారు బాబూ?" అన్నాను. "పార్కింగ్‌కి తాతగారూ," అన్నాడు మర్యాదగా. "కాలువ వైపు దాకా వస్తుంది." వాడికి నాలుగు సందుల అవతల ఉన్న మరుగుదొడ్డికి దారి చెప్పి, అక్కడే మునిసిపాలిటీ కొలతల ఆఫీసు అని పంపించాను. అరగంట కొలవలేదు.


మే 4

1–1. బ్రాక్‌వెల్‌కి కూడా డ్రా.

ఇక ఒక్క ఆటే. లెక్క ఇది. మా పాయింట్లు నలభై, బ్రాక్‌వెల్‌వి ముప్ఫై తొమ్మిది. శనివారం వాళ్లు గెలవకపోతే మాకు డ్రా చాలు. వాళ్లు గెలిస్తే మేం కూడా గెలిచి తీరాలి. మేం మా మైదానంలోనే ఓక్‌మియర్‌తో ఆడతాం. బ్రాక్‌వెల్ వెళ్లేది ఫెన్‌స్టోక్‌కి. ఫెన్‌స్టోక్ లీగ్‌లో మొదటి స్థానం. వాళ్ల మైదానంలో ఈ ఏడాది ఎవరూ గెలవలేదు.


మే 10, శుక్రవారం

డెస్ టీకి వచ్చాడు. టీ తాగలేదు, కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"డ్రా చాలు మామయ్యా. ఫెన్‌స్టోక్‌లో బ్రాక్‌వెల్ గెలవదు. వెనక అయిదుగుర్ని పెడతా. గోల్ ఇవ్వకపోతే చాలు."

"వాళ్లు గెలిస్తే?"

"గెలవరు."

"గెలిస్తే?"

"అక్కడ ఎవరూ గెలవలేదు."

"అల్లుడూ, నువ్వు మా గ్లెనిస్‌ని పెళ్లి చేసుకుంటానని అడగకుండా ఎన్నేళ్లు తిరిగావో గుర్తుందా?"

"నాలుగు."

"అప్పుడు కూడా డ్రా చాలనుకున్నావు. అదే వెళ్లి అడిగింది నిన్ను."

నవ్వాడు. కొంచెమే. తర్వాత కప్పులోకి చూస్తూ అన్నాడు. "నేను అత్తయ్య సంగతి రోజూ అనుకుంటాను మామయ్యా. శిక్షణకి వెళ్లినప్పుడల్లా ఆ మూల చుట్టూ తిరిగి వెళ్తాను, తొక్కకుండా. గోల్ ఇచ్చి ఓడిపోతే... నేను మీ మొహం చూడలేను."

"చొక్కా తిరగేసుకో," అన్నాను.

బెంచీ దగ్గర రేడియో పెట్టనివ్వడు తను. వేరే ఊరి ఆట వింటే మన ఆట చెడుతుందని. అది కూడా పాడు పద్ధతే. మేం పడిపోం అని ఇంకోసారి రాస్తున్నాను. ఇన్నిసార్లు ఎందుకు రాస్తున్నానో.


మే 11, శనివారం

ముందే రాసేస్తున్నా. మేం పడిపోలేదు.

ఇప్పుడు సరిగ్గా రాస్తాను.

జనం ఆరు వేలు. సీటు దొరకనివాళ్లు గోడ మీద కూర్చున్నారు. మా స్టాండు డెస్ బెంచీకి సరిగ్గా వెనకే, చెయ్యి చాస్తే వాడి బట్టతల అందుతుంది. ఊరి రేడియోవాళ్లు మా ఆటే చెబుతున్నారు, ఫెన్‌స్టోక్ సంగతి పావుగంటకోసారి ఒక ముక్క. ఫెన్‌స్టోక్ స్టేషనుని పట్టేది నా పాత రేడియో పెట్టె ఒక్కటే. పొడుగు తీగ లాగి హర్బర్ట్ నెత్తి మీదుగా పెట్టాలి. అందరూ నా వైపే చూస్తూ కూర్చున్నారు.

విరామానికి మా ఆట 0–0. ఫెన్‌స్టోక్ ఒకటి, బ్రాక్‌వెల్ సున్నా. నేను లేచి చెప్పాను, స్టాండంతా చప్పట్లు. డెస్ వెనక్కి తిరక్కుండా చెవులు మాత్రం ఎర్రబరుచుకున్నాడు.

రెండో సగం మావాళ్లు కాలువ వైపుకి ఆడాలి. ఆడలేదు. అందరూ మా గోలు ముందు గోడ కట్టి నిలబడ్డారు. ఓక్‌మియర్‌వాళ్లు కొట్టడం, మావాళ్లు తన్నేయడం. బంతి రెండుసార్లు గోడ అవతల పడింది. హర్బర్ట్ కళ్లు మూసుకున్నాడు. "ఇలా పావుగంట ఆపగలరా వీళ్లు?" అంటాడు. "ఆపగలరు," అన్నాను.

డెబ్భై అయిదో నిమిషం. డెస్ ఇంకో డిఫెండర్‌ని లేపాడు. ఆ పిల్లాడు కోటు విప్పేసి గీత దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు నేను లేచాను. పెట్టె చెవికి ఆనించుకుని అరిచాను. "బ్రాక్‌వెల్ రెండు! బ్రాక్‌వెల్ గెలుస్తోంది! రెండు ఒకటి!"

స్టాండు ఒక్కసారి ఊపిరి ఆపేసింది. తర్వాత గోల గోల. డెస్ వెనక్కి తిరిగాడు. ఏడాదంతా ఆట మధ్యలో వెనక్కి చూడనివాడు తిరిగి, నా మొహం చూశాడు.

"మామయ్యా. నిజమేనా?"

"నా చెవిలో అరుస్తున్నారు అల్లుడూ!"

అటు చివర్నుంచి ఒకడు, చిన్న రేడియో చెవిలో పెట్టుకున్నవాడు, లేచి అరిచాడు. "లేదు లేదు! ఇంకా ఒకటి సున్నాయే! ఇప్పుడే చెప్పారు!"

"నీ రేడియోకి కబురు లండన్ మీదుగా నడిచొస్తోంది నాయనా! నాది బస్సెక్కింది!"

"ఒరేయ్ క్లెమ్," అన్నాడు హర్బర్ట్, "ఖాయంగా విన్నావా?"

"కూర్చో!"

డెస్ ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది. తర్వాత ఆ డిఫెండర్ భుజం పట్టి వెనక్కి లాగి కూర్చోబెట్టాడు. ఆరడుగుల ఫార్వర్డ్ మైల్స్‌ని లోపలికి పంపాడు. గీత మీద నిలబడి రెండు చేతులూ కాలువ వైపు ఊపాడు. "పొండి! అందరూ పొండి!" వాడి గొంతు అంత ఉందని నాకు తెలియదు. గ్లెనిస్‌కి కూడా తెలిసుండదు.

ఆరు వేల మంది లేచారు. జనం అలా అరిస్తే కాళ్లకి ఎక్కణ్ణుంచో బలం వస్తుంది, నేను చూస్తూనే ఉన్నాను. ఎనభై ఆరో నిమిషంలో కార్నర్. బంతి గాల్లో తిరిగి వచ్చింది. మైల్స్ ఎగిరాడు, తలకి తగల్లేదు, భుజానికి తగిలింది. ఎడమ స్తంభం పక్కనుంచి లోపలికి.

1–0.

ఆ తర్వాత నాకేం గుర్తులేదు. హర్బర్ట్ నన్ను ముద్దు పెట్టుకున్నాడు. 'పై' రొట్టె వాసన.

ఈల వేశాక ఇంకా నిమిషం ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పుడు మైకులో చెప్పారు. ఫెన్‌స్టోక్ ఒకటి, బ్రాక్‌వెల్ రెండు. బ్రాక్‌వెల్ గెలిచింది. డ్రా అయ్యుంటే మేం పోయేవాళ్లం.

జనం మైదానంలోకి దూకారు. ఆల్బీ గడ్డి గడ్డి అని ఏడుస్తూ వాళ్ల వెంట పరిగెత్తాడు. ఆ మూల దగ్గర మాత్రం డెస్ నిలబడి, రెండు చేతులూ చాచి, ఎవరినీ అటు రానివ్వలేదు.


మే 12, ఆదివారం

పేపర్లో డెస్ ఫొటో. 'ధైర్యం చేసిన మేనేజరు' అని పెద్ద అక్షరాలు. చైర్మన్‌గారు మైదానం అమ్మేది లేదని ఆ పక్కనే చెప్పారు. గ్లెనిస్ ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించింది, తిన్నగా. నేను తలకిందులు చెయ్యబోతే చేతి మీద గరిటెతో కొట్టింది.

భోజనం దగ్గర రోవెనా వాళ్ల నాన్నకి మూడోసారి వేపుడు బంగాళాదుంపలు వడ్డించింది. తిన్నాడు. ఏడాది తర్వాత తిండి తిన్నాడు వాడు.


మే 14, మంగళవారం

హర్బర్ట్ పేపరు పట్టుకుని వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివాడు.

"బ్రాక్‌వెల్ గోల్స్. ఎనభై నాలుగో నిమిషం. ఎనభై తొమ్మిదో నిమిషం." వేలు తియ్యలేదు. "నువ్వు డెబ్భై అయిదులో అరిచావు. నేను గడియారం చూశాను క్లెమ్. ఎన్ని నిమిషాలు చావాలో లెక్కపెట్టుకుంటున్నాను కదా."

"అచ్చు తప్పు."

"రెండు అచ్చు తప్పులా?"

"నా పెట్టె కొంచెం ముందు నడుస్తుందిరా. పాతది."

వాడు కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. అరవై ఏళ్ల స్నేహం, నా మొహం చదవడం వాడికి వచ్చు. "నేనెవరికీ చెప్పను," అన్నాడు. "చెప్పినా ఎవరూ నమ్మరు. నేను చెప్పేవి ఎప్పుడూ జరగవు కదా." పేపరు మడిచి పొయ్యిలో పెట్టి వెళ్లాడు.

సాయంత్రం డెస్ వచ్చాడు.

"మామయ్యా, ఒక్కటి అడగనా? మీ రేడియో వచ్చే ఏడాదికి నాకిస్తారా? బెంచీ దగ్గర పెట్టుకుంటా. ఆ రోజు మీరు చెప్పకపోతే నేను ఇంకా వెనకే నిలబెట్టేవాణ్ణి."

"పాతది అల్లుడూ. నా చెవికే పలుకుతుంది."

"అయితే మీరే రండి. బెంచీ మీద, నా పక్కన."

వస్తానన్నాను. గొలుసు లేని చెంచా కావాలన్నాను. సరేనన్నాడు, నాకేదో గౌరవం ఇస్తున్నట్టు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి నన్ను కావలించుకుని వెళ్లిపోయాడు.

వాడికి చెప్పను. గ్లెనిస్‌కీ చెప్పను. ఐవీకి ఇవాళ పొద్దున్నే చెప్పేశాను, ఆవిడకి నచ్చినట్టే ఉంది. ఇక మిగిలింది ఈ పుస్తకం.

బ్యాటరీలు విరామం అయ్యీ అవకముందే చచ్చిపోయాయి. రెండో సగమంతా నా చెవి దగ్గర గుయ్యిమనే చప్పుడు కూడా లేదు. ఫెన్‌స్టోక్‌లో ఏం జరుగుతోందో అటు చివరవాడికి తెలిసినంత కూడా నాకు తెలియదు. ఆ డిఫెండర్ పిల్లాడు కోటు విప్పడం చూశాను, లేచాను, మూగ పెట్టెని చెవికి ఆనించుకున్నాను. బ్రాక్‌వెల్ గెలుస్తోందని నాకెవరూ చెప్పలేదు. నేనే చెప్పాను.